పూజ చేసిన చక్రం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ వస్తువు చెడిపోయినా అందరూ ముందు నా వైపే చూసేవాళ్లు. గడియారం ఆగినా నేనే, రేడియో గురగురలాడినా నేనే. వాటిలో కొన్ని నా పనులే అయి ఉండవచ్చు, వాటి గురించి నాకు ఫిర్యాదు లేదు. కానీ కారు చక్రం సంగతి నాది కాదు. దాన్ని మాత్రం నేను ఇప్పటికీ వదల్లేదు.

అప్పుడు మేం ఆదోనిలో ఉండేవాళ్లం. పత్తి వ్యాపారం చేసే మా పెద్దనాయన ఎవరో వాడిన అంబాసిడర్ కారు కొన్నాడు. మా వీధికి అదే మొదటి కారు. ఎమ్మిగనూరు జాతరలో తేరు లాగే రోజున దాన్ని మొదటిసారి బయటికి తీయాలని నిర్ణయించారు. ఎమ్మిగనూరు మా అవ్వ పుట్టిన ఊరు. అవ్వంటే పెద్దనాయనకు తల్లి, నాకు నాయనమ్మ. మగ్గాల ఇంట్లో పుట్టి, పెళ్లయ్యేదాకా రాట్నం తిప్పిన మనిషి. తేరు చూసి ఎన్నేళ్లయిందో అని, ఈసారి ఎట్లయినా చూడాలని చాలా ముందు నుంచే అంటూ ఉండేది.

ఆ రోజు పొద్దున్నే కారుకు పూజ చేశారు. చక్రాలకు పసుపు కుంకుమ పూసి, కింద నిమ్మకాయలు పెట్టారు. పెద్దనాయన టెంకాయను కారు చుట్టూ తిప్పి, వీధంతా చూస్తోందని కాబోలు, ముందు చక్రం దగ్గర పెద్ద దెబ్బ కొట్టాడు. చిప్పలు నాలుగు వైపులా ఎగిరాయి. అందరం ఎక్కాం. నిమ్మకాయలు చితికాయి. వీధి మలుపు దాటకముందే ఆ ముందు చక్రంలోంచి టక్, టక్ అని చప్పుడు మొదలైంది.

కారును వెనక్కి తిప్పి ఇంటి ముందే ఆపారు. ఇక వీధి మొత్తం వైద్యానికి దిగింది. ఒకాయన బేరింగు పోయిందన్నాడు, ఇంకొకాయన బోల్టు వదులైందన్నాడు. ఎదురింటి ముసలాయన ఏకంగా ముహూర్తమే మంచిది కాదన్నాడు. చక్రాన్ని కాస్త తుడిచి చూద్దామని మాత్రం ఒక్కరికీ తోచలేదు. తోచినా చేయరు. పూజ చేసిన చక్రం మీది కుంకుమ తుడిస్తే అరిష్టమట.

పూజ అయ్యేదాకా నేను ఆ చక్రం పక్కన నీడలో కూర్చుని అచ్చనగిల్లలు ఆడుకున్నాను. పెద్దనాయనకు అది గుర్తొచ్చింది. నా గౌను జేబులోని రాళ్లు బయటికి తీయించాడు. ఆటకు ఐదు ఉండాలి, నాలుగే ఉన్నాయి.

“ఐదోది యాడ?” అన్నాడు.

ముందురోజు బడిలో పోయిందని చెప్పాను.

“బడిలో కాదు, ఈడుంది. ఈ పాప సక్రంలో రాయి దూర్చింది సూడండప్పా,” అన్నాడు వీధి చివరిదాకా వినబడేటట్టు.

చక్రానికుండే మెరిసే మూత ఊడదీశారు. రాయి లేదు. రాయి లేనప్పుడు నన్ను వదిలేయాలి కదా? వదల్లేదు. ఇంకా లోపలికి జారి ఉంటుందట. ఇట్లాంటి పిల్లకు తేరు ఎందుకు, ఇంట్లోనే ఉండనీ అన్నారు. మా అమ్మ కూడా తల దించుకుంది. అదీ నాకు గుర్తుంది.

అవ్వ కారు దిగింది. తన వక్కాకు సంచిలోంచి కాస్త సున్నం వేలికి తీసుకుని, కారును మెల్లగా చేత్తో తోయమంది. టక్ అనగానే ఆపించి, టైరు నేలకు ఆనేచోట పక్కగా సున్నం బొట్టు పెట్టింది. మళ్లీ తోయించింది. బొట్టు పైకి పోయి తిరిగి వచ్చేదాకా చప్పుడు లేదు. కిందికి రాగానే టక్. ఇంకో చుట్టు తిప్పించింది, మళ్లీ అక్కడే. రాట్నం ఎక్కడ తగులుతోందో పుట్టింట్లో ఇట్లే కనిపెట్టేవాళ్లమని చెప్పింది.

“లోపల రాయుంటే దొర్లుతా గలగలమంటాది. బొట్టు ఎప్పుడొస్తాదా అని కాసుకోని కూసుంటాదా?”

అందరూ వద్దంటున్నా వినకుండా కొంగుతో టైరు తుడిచింది. కుంకుమ, చితికిన నిమ్మకాయ గుజ్జు కింద, టైరు గాడిలో, టెంకాయ చిప్ప ముక్క ఇరుక్కుని ఉంది. పెద్దనాయన తన చేత్తో కొట్టిన టెంకాయే.

ఆయన దాన్ని పీకి కాలువలోకి విసిరి, ఆలస్యమవుతోంది ఎక్కమన్నాడు. అంతే. నేను ఎక్కలేదు. చప్పుడు పోయింది కదా, ఇంకేమి రోగమని అడిగారు. రాయి నేను పెట్టలేదని పెద్దనాయన చెప్పాలన్నాను. అందరూ నవ్వారు.

“సిన్నపిల్లకు నేను సంజాయిషీ సెప్పుకోవాల్నా?” అన్నాడాయన.

“అందరి ముందర అన్న మాట అందరి ముందరే ఎనక్కి తీసుకోవల్ల నాయనా,” అంది అవ్వ.

ఆయన స్టీరింగు ముందు కూర్చుని హారను కొట్టాడు. అవ్వ నా చెయ్యి పట్టుకుని, “అయితే మీరు పోండి. నేనూ పాపా బస్సుకొస్తాం,” అంది.

వాళ్లు నిజంగానే పోయారు. జాతర రోజు బస్సుల సంగతి చెప్పనక్కరలేదు. ఎక్కడానికి చోటు దొరికి, ఎమ్మిగనూరు చేరేసరికి తేరు లాగడం అయిపోయింది. తాళ్లు నేల మీద పడి ఉన్నాయి, జనం తిరుగుముఖం పట్టారు. అవ్వ దూరం నుంచే దండం పెట్టుకుంది. నీ వల్లే ఇట్లయిందని ఆ రోజు అనలేదు, తర్వాతా అనలేదు. మరుసటి ఏడు జాతర నాటికి ఆమె లేదు.

పెద్దనాయన ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. నాకు బట్టలు పెట్టాడు, నా పెళ్లిలో దగ్గరుండి వడ్డించాడు. ఆ మాట మాత్రం అనలేదు. నేను నా ఇంట్లో ఎవరినైనా పొరపాటున ఒక మాట అంటే, ఎంత గట్టిగా అన్నానో అంత గట్టిగానే, అదే మనుషుల ముందు వెనక్కి తీసుకుంటాను. ఆ రోజు నుంచి నాకు మిగిలింది అది. ఇంత చిన్న సంగతిని ఇన్నేళ్లు పట్టుకుని కూర్చున్నావా అని మావాళ్లు విసుక్కుంటారు. అంత చిన్నదే అయితే ఆయన ఆ ఒక్క ముక్కా అనేయవలసింది. మా అవ్వ తేరు చూసి ఉండేది.