ఎవరి పలుపు

పాలు పితకడానికి కూర్చునే ముందు బుల్లెమ్మ గుంజ దగ్గరికి వెళ్ళి, గేదెను కట్టిన పలుపుతాడు ముడిని రెండుసార్లు లాగి చూసేది. ఆ ముడి వేసింది తనే. అయినా చూసేది. గేదె చేపుకొచ్చినా, దూడ గింజుకుంటున్నా, ముడి చూశాకే చెంబు చేత పట్టేది.

"గేదెలెక్కడికీ పోవొదినా. పోతే నువ్వే పోవాలి," అని పక్కింటి వెంకటనరసమ్మ నవ్వేది.

వాళ్ళది కొల్లేటి నడుమ ఒక లంక. అక్కడ మగవాళ్ళు చేపల వేటకి వెళితే ఆడవాళ్ళు ఆ చేపలు అమ్ముకునేవారు. కొందరిళ్ళలో ఒక గేదె ఉన్నా, పాలు అమ్మడానికి గేదెలు పెట్టింది మాత్రం బుల్లెమ్మ ఒక్కతే. ఆమె పితికిన పాలు ఆమె భర్త సూర్రావు తాటిదోనెలో గట్టుకి చేర్చి, అక్కణ్ణుంచి సైకిలు మీద ఏలూరులో చలపతిరావుగారి కాఫీ హోటలుకి వేసేవాడు. వాళ్ళ బతుకంతా ఆ పాల మీదే నడిచేది.

ఆ ఏడు శ్రావణంలో ఏరులన్నీ ఒక్కసారే వచ్చి కొల్లేటి మీద పడ్డాయి. తెల్లవారేసరికి పల్లంలో ఉన్న బుల్లెమ్మ పశువుల పాకలోకి నీళ్ళు వచ్చేశాయి. ఆమె మెడలోతు నీళ్ళలో దిగి పలుపులు విప్పబోయింది. తడిసిన ముడులు బిగుసుకుపోయి గోళ్ళకి లొంగలేదు. కొడవలితో అందినవి కోసింది. కట్టు తెగిన గేదెలు ఈదుకుంటూ పోయాయి. మళ్ళీ రాలేదు. కట్టు తెగనివి ఎక్కడికీ పోలేదు.

నీళ్ళు తీశాక లంకలో వాళ్ళందరూ కలిసి, ఆమె ఇంటి వెనక మెరక మీద కొత్త పాక వేశారు. ఒకరు వాసాలిచ్చారు. ఒకరు తాటాకు తెచ్చారు. కిక్కిస గడ్డి కోసి దడి కట్టారు. ఎవరినీ ఆమె అడగలేదు. వద్దనడానికీ నోరు రాలేదు.

ఆ తర్వాత గేదెలు వచ్చాయి.

మొదట పెద్దింటయ్య పాలిచ్చే గేదెను ఒకదాన్ని తోలుకొచ్చాడు. వేటగాళ్ళలో పెద్దవాడు. గేదెను గుంజకి కట్టి, "దీనికి సాయంత్రం తవుడు అలవాటమ్మా," అని వెళ్ళిపోయాడు. మర్నాడు వెంకటనరసమ్మ తన పాడిగేదెను తెచ్చి కట్టింది. గట్టు మీది ఊరినుంచి నరసింహరాజుగారు పాలేరుతో ఒకదాన్ని పంపారు. ఇంకా ఎవరెవరో తెచ్చారు. పాక నిండింది.

బుల్లెమ్మ ఒక్కో గేదె మెడా చూసింది. అన్నింటికీ పాత పలుపులే ఉన్నాయి.

గొడ్డును ఒకరికి అమ్మినా, ఊరికే ఇచ్చినా, పలుపు మాత్రం ఇవ్వరు. తనది విప్పి ఇంటికి పట్టుకుపోతారు. కొత్తవాళ్ళు తమ పలుపు కట్టుకుంటారు. పలుపు పోతే ఇంట్లో పాడి దానితో పోతుందంటారు. వీళ్ళెవరూ పలుపు విప్పుకోలేదు. అయితే ఇచ్చినట్టు కాదు. వరదకి అందరి గడ్డివాములూ కుళ్ళిపోయాయి. పచ్చిక ముందు మొలిచింది ఈ మెరక మీదే. మేపమని కట్టి ఉంటారు. మరి ఇంత పాక ఎందుకు వేసినట్టు?

ఆమెకి పాలుపోలేదు. ఆ పూట వెంకటనరసమ్మ గేదె పాలు పితికి వాళ్ళింట్లోనే పోసింది.

"ఇవెందుకొదినా?"

"మీ గేదె పాలేగా."

వెంకటనరసమ్మ గిన్నె వంక చూసింది. ఆ రోజునుంచి పాక వైపు రావడం తగ్గించింది. మిగతావాళ్ళూ పాలు పోయించుకున్నారు. ఎవరి మొహంలోనూ వెలుతురు లేదు. తక్కువ పోశానా అని బుల్లెమ్మ మర్నాడు తమ ఇంటికని ఉంచుకున్న చెంబెడు కూడా వంచేసింది. అప్పుడు వాళ్ళ మొహాలు ఇంకా ముడుచుకున్నాయి.

సూర్రావు ఏలూరునుంచి కబురు తెచ్చాడు. "చలపతిరావుగారు అడుగుతున్నారే. రేపటినుంచి పాలు వేస్తామంటే సరేనట. లేకపోతే తాడేపల్లిగూడెం పాలవాడికి రోజువారీ వాడిక ఇచ్చేస్తారంట. ఏం చెప్పమంటావు?"

"ఎవరి పాలని చెప్తావు?"

"అదే నాకూ తెలీదు. అడగరాదూ?"

"గేదె నాకిచ్చేశారా అని ఏ మొహంతో అడిగేదండీ?"

అయినా వెళ్ళింది. పెద్దింటయ్య గుమ్మంలో వల అల్లుకుంటున్నాడు.

"బాబాయ్, మీ గేదె తవుడు బాగా తింటోందండీ."

"మా గేదేంటమ్మా?"

బుల్లెమ్మ నేల చూసింది.

"నువ్వు పాలు తెచ్చి పోస్తున్నావంటే, మాది ఉంచుకోడం నీకు ఇష్టం లేదేమో అనుకున్నాం," అన్నాడాయన. "మీ వెంకటనరసమ్మ రెండు రోజులు అన్నం తినలేదు."

"పలుపు విప్పుకోలేదు కదండీ మీరు."

ఆయన చేతిలో వల ఆగిపోయింది. "నీ ఇంట్లో అప్పుడు మూరెడు తాడుందా? విప్పేస్తే దేంతో కడతావు, జడతోనా?" అని కొంచెం నవ్వాడు. తర్వాత నవ్వు మానేశాడు. "నా సంగతి చెప్పాను. తక్కినవాళ్ళ మనసులో ఏవుందో నాకూ తెలీదమ్మా. అందరం మాట్లాడుకుని చేసింది కాదు. ఒకరిని చూసి ఒకరం తెచ్చాం."

వెళ్ళినప్పుడు ఒక చిక్కు ఉంది. తిరిగొచ్చేటప్పుడు అది ఎన్నో పాయలైంది. ఇచ్చినదాన్ని ఇవ్వలేదనుకుంటే వాళ్ళకి అవమానం. ఇవ్వనిదాన్ని ఇచ్చారనుకుంటే తనకి. పొద్దు ఉండగానే ఆమె గోగునార తీసి కూర్చుంది. సూర్రావు ఒక కొస పట్టుకున్నాడు. చీకటి పడేలోగా ఇద్దరూ కలిసి పలుపులు పేనారు.

మర్నాడు పొద్దున్నే బుల్లెమ్మ ఒక్కో గేదెకీ కొత్త పలుపు కట్టి పాతది విప్పింది. పాలు పితకలేదు. పొదుగులు నిండి గేదెలు అరుస్తుంటే, పాత పలుపులు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఏ ఇంట్లోనూ మాట అడగలేదు. పలుపు చాచింది. పెద్దింటయ్య తీసుకుని చూరులో దోపాడు. వెంకటనరసమ్మ లాక్కున్నట్టుగా తీసుకుంది. "ఇన్నాళ్ళకి తెలివొచ్చిందా?" అంది. మిగతావాళ్ళూ పుచ్చుకున్నారు.

సూర్రావు ఆమెను దోనెలో గట్టుకి దింపాడు. నరసింహరాజుగారు అరుగు మీద ఉన్నారు. పలుపు చూసి చెయ్యి చాచలేదు.

"ఇదెందుకు తెచ్చావు బుల్లెమ్మా? కోతలయ్యి కొత్తగడ్డి వచ్చేదాకా మేపమని పంపాను. మావాడు నీకు చెప్పలేదూ?"

"చెప్పలేదండి."

"అయ్యో. సగం పాలు నువ్వు వాడుకో. సగం మాకు పంపు."

"అలాగేనండి," అని ఆమె పలుపు మళ్ళీ భుజాన వేసుకుంది.

ఇంటికొచ్చి ఆ ఒక్క గేదెకీ పాత పలుపు మళ్ళీ కట్టింది. ముడి రెండుసార్లు లాగి చూసింది. దాని పాలు వేరే చెంబులోకి పితికింది. మిగతావాటి పాలన్నీ ఒకే బిందెలో పోసి, మూతికి గుడ్డ కట్టి, దోనెలో కూర్చున్న సూర్రావుకి అందించింది.