ఖాదర్ భాయ్ పులివెందులలో, తిట్లు వంక దగ్గర

దయ్యాలు, శకునాలు, కలలో వచ్చి మాట్లాడే పెద్దలు... వీటి జోలికి నేనెప్పుడూ పోలేదు. ప్రొద్దుటూరులో లెక్కల మాస్టారుని. శ్మశానం పక్కన అద్దె ఇల్లు దొరికితే, గాలి బాగా ఆడుతుందని సంతోషంగా చేరిన మనిషిని. ఆ ఇంట్లో మమ్మల్ని పీడించింది దోమలే. పిల్లి ఎదురైతే మా ఆవిడ వెనక్కి వచ్చి కూర్చుని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరుతుంది. నేను ఆ పిల్లికి దారి ఇచ్చి నా పని చూసుకుంటాను. ఇదంతా ముందే చెప్పడం ఎందుకంటే, కింద రాసింది చదివి మాస్టారికి మొదటినుంచీ కొంచెం తిక్క ఉందని మీరు అనుకోకూడదు.

మాది అర్చకుల కుటుంబం. ఇంట్లో ఉల్లిపాయకు కూడా ఆలోచించి గాని చోటు ఇవ్వరు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను చేపలు పడతాను. తినను. పట్టి, నోట్లోని గాలపు ముల్లు తీసి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తాను. ఈ సంగతి మా ఆవిడకు తెలుసు. వంటింట్లోకి రాకముందే తలస్నానం చేయాలనే షరతు మీద ఒప్పుకుంది. మా అమ్మకు ఇది చదివేదాకా తెలియదు. ఆదివారం పొద్దున్నే నేను గుండెకు మంచిదని నడకకు పోతున్నానని ఆమె నమ్మకం.

ఈ పిచ్చి అంటించినవాడు మా వీధి ఖాదర్ భాయ్. కువైట్‌లో ఒక షేక్ ఇంట్లో చాలా ఏళ్ళు కారు నడిపి, ఒంట్లో సుగరుతో తిరిగి వచ్చాడు. అక్కడ సెలవు రోజున అందరూ నిద్రపోతే, ఈయన సముద్రపు పాయ ఒడ్డున నిలబడి, పలకలా చదునైన తల ఉండే ఒక చేపను పట్టేవాడట. అది ఇసుక కప్పుకుని పడుకుంటుంది, కళ్ళు మాత్రం పైన ఉంటాయి. దానికి ఎర్రలు, రొయ్యలు అక్కర్లేదు. మెత్తటి రబ్బరుతో చేసిన బొమ్మ చేపను అడుగున ఎగిరించి పడేస్తే చాలు, వచ్చి మింగుతుంది. ఆ రబ్బరు చేపలను ఒక బిస్కెట్ల డబ్బా నిండా తెచ్చుకున్నాడు. బిడ్డలకు చాక్లెట్లు తక్కువైనాయని షంషాద్ అక్క, అంటే ఆయన భార్య, ఇప్పటికీ అంటుంది.

మన పెన్నలో ఆ చేప లేదు. జమ్మలమడుగు అవతల పెన్నలో కలిసే ఒక వంక ఉంది. అందులో కొరమీను ఉంది. రెండింటి బుద్ధీ ఒకటేనని ఖాదర్ భాయ్ సిద్ధాంతం. "ఇది గూడా జమీందారే సామీ. పండుకున్న కాడికే అన్నీ రావల్ల దీనికి," అనేవాడు. ఎర్రను ముట్టుకోవడం నా వల్ల కాదని నేనంటే, ఆయన నవ్వి, "రబ్బరుకు ప్రాణం యాడిది? పాపం యాడ అంటుకుంటాది?" అన్నాడు. ఆ తర్కానికి నేను పడిపోయాను.

పని చూడ్డానికి తేలిక. గాలం విసిరి, రబ్బరు చేపను అడుక్కు దిగనివ్వాలి. కర్ర కొన ఎత్తి రెండుసార్లు చిన్నగా ఎగిరించాలి. తర్వాత వదిలేసి ఊరకే ఉండాలి. కొరమీను ఆ ఊరకే ఉన్నప్పుడే పట్టుకుంటుంది. ఎంతసేపు ఉండాలంటే, ఆయన లెక్క ఒక బీడీ దమ్ము లోపలికి పీల్చి బయటికి వదిలేంత. నాకు బీడీ అలవాటు లేదు గనక మనసులో గాయత్రి సగం చదివేవాణ్ణి. సగం కూడా పూర్తి కాకముందే చేయి దురద పెట్టి లాగేసేవాణ్ణి. వెంటనే వెనకనుంచి తిట్టు పడేది. బడిలో పిల్లలు నన్ను చూస్తే వణుకుతారు. వంక దగ్గర నా బతుకు ఇది.

రబ్బరు చేపకు ముల్లు గుచ్చే పని మాత్రం నాకు ఎన్నడూ ఇవ్వలేదు. "నీకు శానా తొందర. వంకర గుచ్చుతావు," అని తనే గుచ్చి చేతికి ఇచ్చేవాడు. ఇక నేను పట్టిన చేపను వదిలేసినప్పుడు ఆయన ముఖం చూడాలి. తాళి కట్టే ముందు పెళ్ళి ఆగిపోయినట్టు చూసేవాడు.

అలాంటి మనిషికి పోయిన చలికాలంలో పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు, వాటితోపాటు మాట పోయింది. పులివెందులలో కూతురు ఉంది. అక్కడ కాళ్ళు చేతులకు కసరత్తు చేయించే మంచి డాక్టరు ఉన్నాడని భార్యాభర్తలిద్దరూ కూతురింటికి చేరారు. కాలు మెల్లగా వచ్చింది. చేయి కొంచెం కదిలింది. మాట మాత్రం రాలేదు. డాక్టరు చెప్పింది ఒక్కటే. గొంతులో లోపం లేదు, మాట్లాడాలని ఆయనకే అనిపించాలి, ఆలస్యమయ్యేకొద్దీ కష్టం.

షంషాద్ అక్క చేయని ప్రయత్నం లేదు. పక్కన కూర్చుని ఖురాన్ చదివింది. దర్గా తాయెత్తు కట్టింది. మనవరాలి చేత నానా, అంటే తాతా, అని పిలిపించింది. అక్షరాల అట్ట ఒకటి తెచ్చి చూపిస్తే ఎడమ చేత్తో తీసి మంచం కిందికి విసిరేశాడు. నేను సెలవు దొరికినప్పుడల్లా పోయి, వంక దగ్గర పెద్ద పెద్ద చేపలు పట్టానని కథలు చెప్పేవాణ్ణి. అవి కథలని ఆయనకు తెలుసు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. జీవితంలో నన్ను ఆయన అన్ని తిట్లు తిట్టాడు, ఒక్కటీ నాకు బాధ కలిగించలేదు. ఆ గోడవైపు తిరగడం చూస్తే మాత్రం చెప్పే కథ సగంలో వదిలి లేచేవాణ్ణి. తిరుగు బస్సులో కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చునేవాణ్ణి.

ఒకసారి నేను బయలుదేరుతుంటే షంషాద్ అక్క గుమ్మం దాకా వచ్చింది. "అబద్ధాలు చెప్తాండారని ఆయనకు తెలిసిపోతాంది సార్. నిజంగా ఒకసారి పోయి రాండి. ఉండేది ఉన్నట్టు చెప్పండి," అంది.

అందుకే ఆ ఆదివారం ఒక్కడినే పోయాను. ఎండ బాగా ఎక్కిన పొద్దు. అవతలి ఒడ్డున ఒకామె బట్టలు ఉతుకుతోంది. ఇటువైపు నేను, నాలుగైదు బర్రెలు, వెనక కంపచెట్లు. మనిషి దాక్కోవడానికి చోటు లేదు. ఆ కంపలో దాక్కునే ధైర్యం ఉన్నవాడికి దయ్యం అవసరం లేదు, ముళ్ళే చాలు. నా దగ్గరే ఉండిపోయిన ఆయన బిస్కెట్ల డబ్బాలోంచి ఒక ఆకుపచ్చ రబ్బరు చేప తీసి, బతుకులో మొదటిసారి నా చేత్తో నేనే ముల్లు గుచ్చి, విసిరాను.

"వెల్లకిలా గుచ్చినావు గదా సామీ! కడుపు పైకి పెట్టుకోని యా చేపన్నా ఈదుతాదా?"

నా వెనక, కుడి భుజం పక్కన. ఖాదర్ భాయ్ గొంతు, జబ్బుకు ముందరి గొంతు.

భయపడాలని నాకు తోచలేదు. అలవాటుకొద్దీ "సరే భాయ్" అని, దారం చుట్టి బయటికి తీసి చూశాను. రబ్బరు చేప నిజంగానే వెల్లకిలా ఉంది. విప్పి, సరిగ్గా గుచ్చి, మళ్ళీ విసిరాను. అది అడుక్కు దిగుతుండగా, నేను ఎవరికి జవాబు చెప్పానో అప్పుడు తలకెక్కింది. మెడ తిప్పి చూస్తే బర్రెలు. ఒకటి నెమరు వేస్తూ నావైపు చూస్తోంది. నాకు చెమటలు పట్టాయి. కర్రతో సహా వెనక్కి జరగబోయాను.

"లాగొద్దు! పండుకోనీ దాన్ని."

లాగలేదు. భయంతో లాగలేదో, మాట విని లాగలేదో నాకు తెలియదు. గాయత్రి మొత్తం అయిపోయింది, రెండోసారి మొదలైంది. అప్పుడు దారం బిగిసింది. నా జన్మలో అంత కొరమీను నేను పట్టలేదు. ఇసుక మీదికి లాక్కొచ్చేసరికి నా పంచె తడిసి, చెప్పు ఒకటి కొట్టుకుపోయింది. ముల్లు తీసి, రెండు చేతులతో ఎత్తి, ఎప్పటిలాగే నీళ్ళలో వదిలేశాను.

మూడోసారి వెనక వినబడిన మాట ఇక్కడ రాయలేను. మా అమ్మ పేపరూ పుస్తకమూ చదువుతుంది.

అవతలి ఒడ్డుకు కేక వేశాను. "అమ్మా, ఇక్కడ ఎవరన్నా మాట్లాడినారా?"

"నువ్వే గదా సారూ, అప్పుట్నుంచి నీలో నువ్వే ఏందో గొణుక్కుంటాండావు!" అని, ఆమె తన బకెట్టు నాకు కొంచెం దూరంగా జరుపుకుంది. మధ్యలో వంక ఉంది, అయినా జరుపుకుంది.

ఇసుకలో కూలబడ్డాను. మొదట అనుకున్నది ఒకటే. ఖాదర్ భాయ్ పోయాడు. పోతూ పోతూ చెప్పి పోయాడు. ఇలాంటివి వింటాం కదా. ఇన్నేళ్ళూ నవ్వినవాడిని, ఆ ఇసుకలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అంతలో ఫోన్ మోగింది. షంషాద్ అక్క పేరు. ఎత్తడానికి చేయి రాలేదు. చివరికి ఎత్తితే ఆమె కూడా ఏడుస్తోంది.

"మాట వచ్చింది సార్! మీరు తొందరగా రాండి. మిమ్మల్నే తిడతాండాడు!"

ఒంటి చెప్పుతో ముద్దనూరు మీదుగా పులివెందులకు బండి తోలాను. దారిలో ఎన్ని గుంతలు వచ్చాయో బండికే తెలియాలి.

గుమ్మంలోనే షంషాద్ అక్క, కూతురు ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తూ చెప్పారు. ఆయన కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడట. ఉన్నట్టుండి తెలుగులో, సామీ వెల్లకిలా గుచ్చినావు, అన్నాడట. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో వాళ్ళలో వాళ్ళు ఉర్దూ తప్ప మాట్లాడరు. ఆయన తెలుగు వీధిలోకి వచ్చాకే మొదలవుతుంది. కాసేపటికి లాగొద్దని అరిచాడట. ఇంకాసేపటికి లేచి కూర్చుని ఒక బూతు తిట్టాడట. కూతురు ఆ మాట చెప్పబోతే నేనే ఆపాను. నాకు తెలుసు.

షంషాద్ అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే నిష్ఠూరమాడింది. "ఇన్నాళ్ళు నేను పక్కన కూర్చోని దువా చేస్తే ఒక్క మాట లేదు సార్. మీరు తప్పు చేస్తే వచ్చింది!"

లోపలికి పోయాను. ఖాదర్ భాయ్ దిండుకు ఆనుకుని ఉన్నాడు. మూతి కొంచెం వంకరగానే ఉంది. నా ముఖం చూడలేదు, ఖాళీ చేతులు చూశాడు.

"చేప యాడ?"

మాట ముద్దగా వచ్చింది. నేను వంక దగ్గర విన్న గొంతు అది కాదు. అక్కడ విన్నది ఖంగుమని ఉంది. ఆయన మంచం పట్టె పట్టుకున్నాను. వదిలేశానని చెప్పడానికి నోరు రాలేదు. ఈసారి మాట పోయింది నాకు.

తర్వాత లెక్కల మాస్టారుగా అన్నివిధాలా ఆలోచించాను. మాట రావలసిన రోజు వచ్చింది, అది నేను వంకకు పోయిన రోజే అయింది, సరే. లాగొద్దు అనేది వందలసార్లు విన్నమాట, చెవిలో మిగిలిపోయి ఉంటుంది, అదీ సరే. కానీ వెల్లకిలా గుచ్చడం నేను అంతకుముందు ఎన్నడూ చేయలేదు, ఆయన ఎన్నడూ అనలేదు. అననిమాట చెవిలో ఎలా మిగులుతుంది? ఇక్కడ నా లెక్క ఆగిపోతుంది.

ఆయన్నే అడిగాను. కొంచెం కొంచెంగా కూడబలుక్కుని చెప్పాడు. "పండుకోని ఉండా. నీళ్ళు కనపడినాయి. గట్టున నువ్వుండావు. నువ్వు చేస్తాండే పని చూస్తే ఒళ్ళు మండింది."

"అంతేనా?"

"అంతే. ఇంగేం కావల్ల నీకు?"

ఆయనకు ఇందులో వింతేమీ కనబడలేదు. తప్పు చేసిన మనిషిని తిట్టాడు, అంతవరకే.

మాట వచ్చింది గానీ నిలకడగా లేదు. కొన్నాళ్ళు బాగా మాట్లాడతాడు, మళ్ళీ నీరసం కమ్మితే మౌనం. మొన్న షంషాద్ అక్క ఫోన్ చేసింది. గొంతు తగ్గించి, ఎవరైనా వింటే నవ్వుతారన్నట్టు అడిగింది. "నోరు తెరవడంల్యా సార్. మీరు ఒకసారి వంక కాడికి పోయి ఏదన్నా తప్పు చేయండి."

పోయాను. పదిమందికి లెక్కలు చెప్పేవాణ్ణి, పట్టపగలు నీళ్ళ ఒడ్డున నిలబడి, రబ్బరు చేపను కావాలని వెల్లకిలా గుచ్చి, చెవులు రిక్కించుకుని విసిరాను. వెనక ఎవరూ ఏమీ అనలేదు. సిగ్గేసింది. సరిగ్గా గుచ్చి మళ్ళీ విసిరాను. ఈసారి ఒక కొరమీను నిజంగానే పట్టింది. నేను తొందరపడి గుంజాను. అది రబ్బరు చేప తోక కొరుక్కుని పోయింది. అవతలి ఒడ్డున కూడా ఆ రోజు ఎవరూ లేరు. ఆ కొరమీను సంగతి నాకు తప్ప నరమానవుడికి తెలియదు.

కర్ర ఇసుకలో గుచ్చి ఇంకా చేతులు కడుక్కోనేలేదు, ఫోన్ మోగింది. షంషాద్ అక్క పేరే. ఎత్తితే ఖాదర్ భాయ్.

"పోగొట్టినావా?"

ఎలా తెలిసిందని అడగలేదు. పోగొట్టానని ఒప్పుకున్నాను. ఆయన తిట్టడం మొదలుపెట్టాడు. అక్కడక్కడా మాట తడబడుతోంది, అయినా ఆపలేదు. నేను ఇసుకలో కూర్చుని, మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం చెప్పకుండా, ఆయన అలసిపోయేదాకా విన్నాను.