కరుణగారూ, కొత్త గ్రాఫిక్స్ కార్డూ

కంప్యూటర్లో బొమ్మల పని చూసే గ్రాఫిక్స్ కార్డు కొత్తది పెట్టె విప్పగానే ఒక వాసన వస్తుంది. ఇంకా వేడెక్కని లోహం, స్పాంజి, ప్లాస్టిక్ కవరు కలిసిన వాసన. నిన్న మా ఆఫీసులో అలాంటి పెట్టె విప్పుతుంటే అందరూ చుట్టూ మూగారు. ధర గురించి, వేగం గురించి వాదించుకుంటున్నారు. నేను ఆ వాసన పీల్చి నవ్వుకున్నాను. నాకు అందులో కరుణగారు కనిపిస్తారు.

రాజమండ్రిలో ఆవిడది పెళ్లి వీడియోల మిక్సింగ్ యూనిట్. చుట్టుపక్కల ఊళ్ల ఫోటోగ్రాఫర్లు తీసిన వీడియోలు తెచ్చి ఇస్తే మేం కోసి, అతికించి, పాటలు కలిపి సినిమాలా చేసి ఇచ్చేవాళ్లం. క్యాసెట్ల కాలంలో భర్త మొదలుపెట్టిన పనిని ఆయన పోయాక ఆవిడే నడిపారు. నేను డిగ్రీ అవగానే అక్కడ చేరాను. యాభై దాటిన మనిషి. ఎప్పుడూ నూలు చీర. ఆదివారాలు లూథరన్ చర్చిలో పాటలు పాడే గొంతు. ఆ గొంతుతో నవ్వితే కింద మందుల షాపువాళ్లు తల పైకెత్తి చూసేవారు.

కొత్త మిషన్ల కబుర్లంటే ఆవిడకు ప్రాణం. ఎక్కడో విదేశంలో కొత్త కార్డు విడుదల చేస్తుంటే, మా చేత పని ఆపించి, ఉల్లిపాయ పకోడీలు తెప్పించి, అందరినీ తెర ముందు కూర్చోబెట్టేవారు. "పెళ్లిచూపులకు వెళ్దాం. ప్రధానం మాత్రం అప్పుడే వద్దు" అనేవారు. వాళ్ల ఇళ్లలో నిశ్చితార్థాన్ని ప్రధానం అంటారు.

ఒక ఏడాది మాఘమాసం పెళ్లిళ్లకు ముందే కొత్త కార్డొకటి వచ్చింది. మా పాత కార్డు మీద ఒక్క పెళ్లి వీడియో బయటికి రావాలంటే పొద్దంతా పట్టేది. నేనూ, నాతో పనిచేసే శ్రీనూ ఆవిడ వెంటపడ్డాం.

"అందరూ కొనేస్తున్నారండి. మనమే వెనకబడిపోతాం" అన్నాను.

"మన పాత కార్డు వల్ల ఏ పని ఆగిందమ్మా?"

"ఆగలేదండి. ఆలస్యమవుతోంది."

"ఆలస్యం వేరు, ఆగడం వేరు. కొత్త బియ్యం వండితే అన్నం ముద్దయిపోద్ది. కాస్త మాగనీ."

నాకు ఒళ్లు మండింది. మళ్లీ వారానికే తుని నుంచి ప్రసాద్‌గారు రైలు దిగి, హార్డ్‌డిస్కు చేత పట్టుకుని వచ్చారు. ఆయనకు తునిలో స్టూడియో ఉంది. కొత్త కార్డు అందరికంటే ముందు కొన్నది ఆయనే.

"ఆయ్, మేడమ్‌గారూ, పెళ్లికూతురు తల వంచుకోగానే స్క్రీను నల్లబడిపోతోందండి! తాళి కట్టే ఘట్టం దాకా వీడియో వెళ్లనే వెళ్లట్లేదు. ఎల్లుండి వాళ్ల రిసెప్షన్‌లో వేయాలండి."

కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ ఇంకా కుదురుకోలేదు. శ్రీను నవ్వాపుకోలేక నా వైపు చూశాడు. కరుణగారు కళ్లతోనే వాడిని ఆపి, "ముందు భోంచెయ్యండి ప్రసాద్‌గారూ" అన్నారు. ఆ పూట తన మిషను ఆయనకే ఇచ్చేశారు. అందరం కూర్చుని ఆ పెళ్లి పూర్తి చేశాం. తాళి కట్టే ఘట్టం చక్కగా తెర మీద కనిపించగానే ప్రసాద్‌గారు లేచి చప్పట్లు కొట్టారు. ఆయన వెళ్లాక శ్రీను, "మనం బతికిపోయామండి" అన్నాడు.

"ఆయన ముందు కొన్నాడు కాబట్టే మనకు తెలిసింది. ముందు నడిచేవాడికి ముల్లు గుచ్చుకుంటే వెనకవాడు నవ్వకూడదురా" అన్నారావిడ. వేసవికల్లా సాఫ్ట్‌వేర్ సర్దుకుంది. మేమూ అదే కార్డు కొన్నాం. ఏ చిక్కూ రాలేదు.

దాంతో నేను ఆగడంలో ఆరితేరాను. ఎవరు ఏది కొంటానన్నా ఆగమని చెప్పేదాన్ని. ఈలోగా, పని లేనప్పుడు త్రీడీ యానిమేషన్ నేర్చుకుంటూ, కాలవలో ఈదే బాతుపిల్లల్ని తయారు చేసేదాన్ని. పిల్లల పాటలు తీసే ఒకాయన ఏదో పని మీద వచ్చి వాటిని చూసి, "ఒక పాట మొత్తం చేసి చూపిస్తారా?" అని అడిగి వెళ్లాడు. బాతు ఈకలు ఒక్కొక్కటీ కనిపించేలా చేయాలంటే మా కార్డు సగంలోనే చేతులెత్తేసేది. సరిగ్గా అప్పుడే ఇంకో కొత్త కార్డు విడుదలైంది.

"కొందామా అమ్మాయ్?" అన్నారు కరుణగారు.

"అప్పుడే వద్దండి. సాఫ్ట్‌వేర్ కుదురుకోవాలి. పైగా ఏడాదిలో ఇంకా మంచిది వస్తుందంటున్నారు."

"ఈసారి నీ పని ఆగింది కదా?"

"ఆగిందండి."

ఆవిడ కళ్లజోడు తీసి నన్నే చూశారు. "నువ్వు కార్డు కోసం ఆగుతున్నావా, భయపడి ఆగుతున్నావా?"

కార్డు వస్తే నాకిక వంక దొరకదు. బాతుల్ని పూర్తి చేయాలి, ఆయనకు చూపించాలి, బాగాలేవంటే వినాలి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ పెద్దగా నవ్వారు.

"నీ యానిమేషన్‌కి ఇది పడుతుందో లేదో పొద్దున్నే ప్రసాద్‌గారిని అడిగేశాను. ఆయన అప్పుడే కొనేశాడు! బ్రహ్మాండంగా నడుస్తోందంట. లే, పద."

కార్డు కొని, ఆవిడ స్కూటరు వెనక కూర్చుని, పెట్టెను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని వచ్చాను. తీరా చూస్తే కార్డు మా సీపీయూ పెట్టెలో పట్టలేదు, అంత పొడుగు! లోపలి అరలు విప్పి, పక్క రేకు తీసేసి ఎలాగో ఇరికించాం. బరువుకు ఒక పక్కకు వాలింది. "పాపం, నడుం నొప్పి దీనికి" అంటూ కరుణగారు తన కుట్టుమిషను సొరుగులోంచి చెక్క దారపురీలు తెచ్చి కింద ఊతం పెట్టారు. స్విచ్ వేశాం. తెర మీద బాతుపిల్ల నీళ్లలోంచి లేచి ఒళ్లు విదిలించింది. ఈకల మీంచి చినుకులు ఎగిరిపడ్డాయి. కరుణగారు మెట్ల దాకా పరుగెత్తి, "ఏవండోయ్, మా శిరీష బాతును చూద్దురుగాని రండి!" అని కేకేశారు. మందుల షాపువాళ్లతో పాటు మందులు కొనడానికి వచ్చినవాళ్లు కూడా పైకి వచ్చారు.

ఆ కార్డు కూడా ఒకటి రెండుసార్లు తెరను నల్లబరచింది. "కొత్తకోడలు అలిగింది" అనుకుని మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. పాట పూర్తయింది. పిల్లల పాటలాయనకు నచ్చింది. తర్వాత మరో పాట ఇచ్చాడు. కరుణగారు పక్క గది ఖాళీ చేయించి, నా పేరుతో బోర్డు రాయించారు. నా యానిమేషన్ ఆఫీసు మొదలైంది ఆ గదిలోనే.

ఇప్పుడు ఆవిడ యూనిట్‌ను శ్రీనుకు అప్పగించి సామర్లకోటలో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. కొనాలా, ఆగాలా అని నన్ను ఎవరడిగినా, ఏ పని ఆగిందో చెప్పమంటాను. చాలామందికి ఆ మాటతోనే తేలిపోతుంది. భయపడి ఆగుతున్నావా అని ఆవిడ వేసిన రెండో ప్రశ్నను మాత్రం ఎక్కువగా నాకు నేనే వేసుకుంటాను. కారు నడపడం నేర్చుకోవడాన్ని ఎన్నో ఏళ్లు వాయిదా వేశాను. రోడ్లు బాగుపడ్డాక, మా పాప కాస్త పెద్దదయ్యాక అనుకుంటూ. ఒకరోజు కూర తరుగుతూ ఆ ప్రశ్న వేసుకుంటే జవాబుకు నాకే నవ్వొచ్చింది.

ఈ వేసవిలో నేనే నడుపుకుంటూ సామర్లకోట వెళ్లాను. ఆపడం కుదరక ఇల్లు దాటిపోయి, వీధి చివర తిప్పుకుని వచ్చాను. కరుణగారు గేటు దగ్గర నిలబడి నన్నూ, స్టీరింగునూ మార్చి మార్చి చూశారు. లోపలికి రమ్మనలేదు. వచ్చి పక్క సీట్లో కూర్చుని, కుచ్చిళ్లు సర్దుకుని, తలుపేసుకున్నారు.

"ఎక్కడికండీ?" అన్నాను.

"ముందు పోనివ్వమ్మా. దారిలో చూద్దాం."