సత్తిరాజు అంటించిన ఆఖరి బొమ్మ

మా సత్తిరాజుకి ఉన్న పిచ్చి ఒక్కటే. ఏ బొమ్మల కథ చేతికొచ్చినా ఆఖరి బొమ్మని బతకనిచ్చేవాడు కాదు. దాని మీద కాగితం ముక్క అన్నం మెతుకులతో అంటించి, సొంతంగా ఇంకో బొమ్మ గీసేవాడు. రాకుమారుడి కథైనా, ఓడదొంగల కథైనా, కొరివిదెయ్యం కథైనా వాడి చేతిలో ముగింపు ఒకటే. అందరూ ఇంటికొచ్చి పీటల మీద కూర్చుని శుభ్రంగా అన్నం తినేవారు.

రాయపూర్ రైల్వే కాలనీలో మా ఇన్‌స్టిట్యూట్‌ లైబ్రరీకి బొంబాయి నుంచి హిందీ బొమ్మల వారపత్రిక ఒకే ఒక్క కాపీ వచ్చేది. స్టేషన్ నుంచి దాన్ని తెచ్చే పని సత్తిరాజు మీదేసుకున్నాడు. సిగ్నల్ దీపాలు తుడిచే లాంపురూములో మేమిద్దరం పక్కపక్కనే పనిచేసేవాళ్లం. వత్తులు కత్తిరిస్తూనే సమీక్ష మొదలెట్టేవాడు.

"ఈ వారం దెయ్యం ఫస్ట్‌క్లాస్ చిన్నారావ్! గోళ్లు బాగా గీసినాడు. ఆకలి మీదున్నాది పాపం."

"దెయ్యం అన్నం తింటాదేటి?"

"తినకేటి? తిండి లేకే గదా అలా తిరుగుతాది!"

గార్డు భీమారావు గారు నెత్తి కొట్టుకునేవారు. "హత్య చేసినోడెవడో తెలీకుండానే నేను పోతానురా! అందరూ పప్పన్నమే తింటంటే పట్టుకునేదెవర్నిరా?"

ఆ చలికాలం ఒక కొత్త కథ మొదలైంది. మొహం కనిపించకుండా గొంగళి కప్పుకున్న, మాలాగే సిగ్నల్ దీపాలు చూసే లాంపుమేను ఒకడు, చేతిలో లాంతరుతో, పొగమంచులో పట్టాల వెంట నడుస్తుంటాడు. వారం వారం నడుస్తూనే ఉంటాడు. ఎక్కడో దూరంగా ఒక ఇంటి కిటికీలో దీపం కనిపిస్తుంటుంది.

ఆ బొమ్మ చూడగానే మా అందరికీ లాంపురూములో మాతో పనిచేసిన వెంకటస్వామి గుర్తొచ్చాడు. కిందటేడు వాడు అలాంటి మంచులోనే సిగ్నల్ దీపం వెలిగించడానికి వెళ్లాడు. స్తంభం కింద వాడి లాంతరు దొరికింది, ఇంకా వెలుగుతూనే ఉంది. మనిషి మాత్రం దొరకలేదు.

వెంకటస్వామి భార్య దాలమ్మకి చదువు రాదు. ప్రతి వారం వచ్చి ఆ బొమ్మల ముందు కూర్చునేది. మొహం లేని ఆ మనిషి మీద వేలు పెట్టి, "ఎంత దూరం వొచ్చినాడు మరిదీ?" అని సత్తిరాజుని అడిగేది.

"వొచ్చేస్తన్నాడు వదినా" అనేవాడు వాడు.

ఆఖరి వారం పత్రిక మా చేతికొచ్చేసరికే మెతుకులు ఆరిపోయి ఉన్నాయి. పైన అంటించిన బొమ్మలో లాంపుమేను పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు.

"కింద ఏటుందిరా?" అన్నాను.

"రైలుంది. దాని కింద ఆడున్నాడు." సత్తిరాజు గొంతు తగ్గించాడు. "అది వదిన కంట పడకూడదు."

మరుసటేడు ఆ కథని సినిమా తీశారు. ముగింపు ఉన్నదున్నట్టు తీశారని పత్రికలోనే వార్త పడింది. సత్తిరాజు మొహం వాడిపోయింది. తెర మీద మెతుకులు అంటవు కదా! "పిక్చర్ బిల్కుల్ బాగోలేదు, ఎవరూ ఎల్లకండి" అని ఇంటింటికీ తిరిగి చెప్పాడు. వాడు వద్దన్నాక ఆగేదెవరు? కాలనీ మొత్తం మ్యాట్నీకి కదిలింది. దాలమ్మ ఆడవాళ్ల బెంచీల్లో ముందు కూర్చుంది.

తెరంతా మంచు. అందులో లాంతరొకటి ఊగుతోంది. రైలు కూత వినిపించింది. దాలమ్మ లేచి నిలబడింది.

అంతలో తెర మీదికి పెద్ద నీడ వచ్చి పడింది. దానికి మొహం లేదు. మెల్లగా కిందికి దిగి, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చెయ్యి కిందికి పోయి నోటి దగ్గరికి వచ్చింది. మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. రైలు కూస్తూనే ఉంది, నీడ అన్నం తింటూనే ఉంది.

"బాప్‌రే! భూత్!" అని ఎవడో కేక పెట్టాడు. నేల టిక్కెట్ల వాళ్లు చెప్పులొదిలేసి పరిగెత్తారు. నేను వెనక్కి తిరిగి చూస్తే, ప్రొజెక్టరు కన్నం ముందు బల్లెక్కి మా సత్తిరాజు! చేతిలో మెతుకు లేకపోయినా నిజంగానే నములుతున్నాడు. టాకీసు వాళ్లు రెక్క పట్టుకుని గెంటుతున్నా చెయ్యి నోటి దగ్గరే ఉంది.

బయట ఎండలో దాలమ్మ మా కోసం నిలబడి ఉంది. సత్తిరాజు చిరిగిన చొక్కా సర్దుకుని నసిగాడు.

"వదినా, ఆఖర్న ఏటైనాదంటే..."

"నాకెప్పుడో తెలుసు. నువ్వు అంటించిన రోజే ఆ కాగితం ఎనకాల దీపమెట్టి సూసినాను. లాంపుమేను పెళ్లాన్ని కానేటి? రైలు కనిపించినాది."

"మరి చెప్పలేదేటమ్మా?" అన్నాను.

"సూసినానని తెలిస్తే ఈ పిచ్చోడు ఏడుస్తాడని చుప్‌గా ఉన్నాను." కొంగుతో కళ్లొత్తుకుని నవ్వేసింది. "అందరికీ అన్నాలు పెట్టినావు గదా మరిదీ, పొద్దుట్నించి నువ్వేటైనా తిన్నావా?"

సత్తిరాజు అడ్డంగా తలూపాడు.

దాలమ్మ మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లి వండింది. పీటలు మూడు వేసింది. నేను ఒకదాని మీద, సత్తిరాజు ఒకదాని మీద కూర్చున్నాం. మూడోది వెంకటస్వామి కూర్చునే పీట. దాని ముందు కూడా వడ్డించింది.

సత్తిరాజు ముద్ద నోట్లో పెట్టుకుని, బాగా నమిలి, సమీక్ష చెప్పాడు.

"పిక్చర్ బాగోలేదు గానీ వదినా, ఆఖరి బొమ్మ బాగున్నాది."