నా మేనకోడలు నా మీద వేసిన కేసు

నా మీద జీవితంలో మొట్టమొదటి కోర్టు కేసు వేసిన మనిషికి అప్పటికి ఆరేళ్లు. ముందు పళ్లు రెండు ఊడిపోయి ఉన్నాయి. సమన్లు పట్టుకుని కోర్టు అమీనా మా రొయ్యల మేత కొట్టుకి వచ్చేసరికి, వాది గారు కొట్టులోనే బస్తాల మీద కూర్చుని జామకాయ తింటున్నారు.

అమీనా కాగితం రెండుసార్లు చదువుకుని నా వంక జాలిగా చూశాడు. "మైనరు వాది అని ఉందండీ. మీ మీద చిన్నపిల్ల కేసేసిందేంటండీ?"

"ఆయ్, మేనకోడలండీ. అదిగో, మీ వెనకాలే ఉంది."

అతను వెనక్కి తిరిగి చూశాడు. వాది జామకాయలో సగం అతనికి ఇవ్వబోయింది. నేను సంతకం పెట్టి, వాదికి మూతి తుడిచి, బడిలో దిగబెట్టి వచ్చాను.

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఓడలరేవు వైపు చాలామందికి తెలుసు. ఈ వ్యవహారంలో నేను చాలామంది మీద ఎగిరాను. మునిసిపల్ ఆఫీసు మీద, నెట్ సెంటరు మీద, చట్టం మీద కూడా. కానీ తప్పు ఎక్కడ పుట్టిందని వెతుక్కుంటూ పోతే అది మా అమ్మ దగ్గర ఆగుతుంది. ఆ పక్కనే నేను ఉంటాను. అందుకే ముందు అమ్మ సంగతి చెబుతాను.

మా బావ మస్కట్‌లో వెల్డరు. అతనికి తల్లీ తండ్రీ లేరు. పెళ్లయ్యాక అక్క మా ఇంట్లోనే ఉండేది, అతను రెండేళ్లకోసారి వచ్చి నెలరోజులు ఉండి వెళ్లేవాడు. అలా ఒకసారి వచ్చి వెళ్లాక అమలాపురంలో ఆసుపత్రిలో పాప పుట్టింది. తల్లీబిడ్డా క్షేమమని తెలిశాక మా అమ్మ చేసిన మొదటి పని పంతులు గారికి ఫోన్ చేయడం. ఆయన లెక్క చూసి, మూలా నక్షత్రం మొదటి పాదం, తండ్రికి దోషం అన్నారు. ఇరవై ఏడో రోజున మళ్లీ ఆ నక్షత్రం వచ్చినప్పుడు శాంతి చేయించి, పళ్లెంలో నూనె పోసి, ఆ నూనెలో బిడ్డ నీడ చూశాకే తండ్రి బిడ్డ ముఖం చూడాలన్నారు. ఇంతవరకూ మా వైపు చాలా ఇళ్లలో ఉన్నదే. దీనికి మా అమ్మ సొంతంగా కొంత కలిపింది. మస్కట్‌కి ఫొటో పంపకూడదు. ఫోన్‌లో పాప ఏడుపు వినిపించకూడదు. ఇంతలో ఆసుపత్రి వాళ్లు జనన నమోదు కాగితం తెచ్చి నింపమన్నారు. నేను పెన్ను తీశాను.

"ఆగు. పిల్ల పక్కన అతని పేరు రాసేస్తావా? నీకేమైనా బుద్ధుందా?" అంది అమ్మ. "శాంతి అయ్యేదాకా దాని పక్కన అతని పేరు కూడా పడకూడదు."

"అయితే గడి ఖాళీగా వదిలేస్తానమ్మా."

"ఖాళీగా వదిలితే చూసినోళ్లు ఏమనుకుంటారు? నీ పేరు రాయి. రోహిణిలో పుడితే మేనమామకి గండం గానీ, మూల నిన్నేం చెయ్యదు. నెలయ్యేక మార్పించేద్దాం."

నేను గట్టిగా వాదించానని చెప్పుకోవాలని ఉంది. వాదించలేదు. ముందురోజు నుంచీ ఆసుపత్రి వరండాలో నిలబడి ఉన్నాను, ఆకలి దంచేస్తోంది. తండ్రి అన్న గడిలో నా పేరు రాసి, కింద సంతకం గీకి, ఇడ్లీ తినడానికి పోయాను. అంత తేలిగ్గా తండ్రయినవాడు జిల్లాలో ఇంకొకడు ఉండడు.

ఇరవై ఏడో రోజున శాంతి బాగానే జరిగింది. బావకి సెలవు దొరకలేదు కాబట్టి అతను వీడియో కాల్‌లో నూనె చూశాడు. పాపని అక్క పట్టుకుంది, పళ్లెం అమ్మ పట్టుకుంది, ఫోన్ నేను పట్టుకున్నాను. పంతులు గారు "కనబడిందా అండీ?" అని అడిగితే బావ చాలాసేపు చూసి, "మీ హాల్లో ఫ్యాను తిరుగుతోందండీ" అన్నాడు. ఫోన్ అటూ ఇటూ తిప్పితే చివరికి ఒక చెవి కనబడింది. చెవి చాలునన్నారు పంతులు గారు. ఆ సంబరంలో జనన నమోదు సంగతి నేనూ మర్చిపోయాను, అమ్మా మర్చిపోయింది. ఆ తర్వాత సర్టిఫికెట్ వస్తే ఎవరూ చదవకుండా లామినేషన్ చేయించి బీరువాలో పెట్టారు. బడిలో వేసేటప్పుడు ఆధార్ అడిగారు గానీ దాన్ని అడగలేదు.

ఆరేళ్లు అలా గడిచిపోయాయి. అప్పుడు బావకి కంపెనీ వాళ్లు కుటుంబంతో ఉండడానికి ఒక ఇల్లు ఇచ్చారు. ఆరు నెలల్లో భార్యాబిడ్డలు వచ్చి చేరాలి, లేకపోతే ఆ ఇల్లు వరసలో ఉన్న ఇంకొకరికి పోతుంది. మళ్లీ వంతు రావాలంటే ఎన్నేళ్లో చెప్పలేమన్నాడు. అక్కకి పాస్‌పోర్టు ఉంది, పాపకి తియ్యాలి. నేనే అక్కనీ పాపనీ బండి మీద ఎక్కించుకుని అమలాపురంలో నెట్ సెంటరుకి తీసుకెళ్లాను.

అక్కడ కూర్చునే ఆవిడ సర్టిఫికెట్ చూసి, చిరునామా కోసమని ఇచ్చిన నా ఆధార్ చూసి, అక్కని చూసింది. కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"తండ్రి మీరేనా అండీ?"

"కాదండీ, నేను మేనమామనండీ. ఈవిడ మా అక్క."

"మరిక్కడ తండ్రి మీరని ఉందండీ."

వెనకాల వరసలో నలుగురున్నారు. నలుగురూ ముందుకి వంగారు. అక్క పాప చెవులు మూసింది. నేను ఆ కాగితం లాక్కుని చదివాను. చదువుతుంటే ఆ రోజు తిన్న ఇడ్లీలు గుర్తొచ్చాయి. మూడు తిన్నాను.

ఇంటికొచ్చి అమ్మ మీద ఎగిరాను. "నెలయ్యేక మార్పించేద్దాం అన్నావు కదా!"

"నువ్వు మార్పించేవనుకున్నాను."

"నేను నువ్వు మార్పించేవనుకున్నాను!"

బావ ఫోన్‌లో అంతా విని, మెల్లిగా, "అంటే ఆరేళ్ల నుంచీ కాగితం మీద నేనెవర్నిరా?" అన్నాడు. అమ్మ ఫోన్ అందుకుని, "దోషం తగల్లేదు కదండీ, దేవుడి దయవల్ల క్షేమంగా ఉన్నారు కదా" అంది.

మునిసిపల్ ఆఫీసులో గుమస్తా మర్యాదగానే చెప్పాడు. "అక్షరం తప్పయితే మేం దిద్దేస్తామండీ. ఇక్కడ మనిషే మారిపోయేడు కదండీ. కోర్టు ఉత్తర్వు తెచ్చుకోండి." అతని మీద కూడా ఎగిరాను. అతను మంచినీళ్లు ఇచ్చాడు.

కోర్టు దగ్గర మాకు దొరికిన ప్లీడరు గారు అరవై దాటిన ఆవిడ. మా కథ మొత్తం విని, కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు ఆగాక క్షమాపణ అడిగారు. "ముప్పై ఏళ్లుగా చేస్తున్నానండీ. ఈ బిడ్డ నాది కాదు అనేవాళ్లే నా దగ్గరికొచ్చేరు. ఒక బిడ్డకి తండ్రి ఎక్కువైపోయిన కేసు ఇదే చూడ్డం."

అమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఆ రక్తపరీక్ష ఏదో ఉంటుంది కదండీ, డీఎన్ఏ. అది చేయించేస్తే పోతుంది కదండీ?"

"ఎందుకమ్మా? అడగ్గానే కోర్టు దానికి ఒప్పుకోదు. పిల్ల పరువు పోయే పని కదా అది. అయినా ఇక్కడ అవసరమే లేదు. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ భర్త బిడ్డే అంటుంది చట్టం. అదే తిరుగులేని రుజువు. కాదని ఎవరైనా అంటే, ఆ సమయంలో మొగుడూ పెళ్లాం కలుసుకునే వీలే లేదని వాళ్లు రుజువు చెయ్యాలి."

"బావ అప్పుడొచ్చి వెళ్లేడండీ. పాస్‌పోర్టు మీద స్టాంపులున్నాయండీ" అన్నాను.

"ఉండనివ్వండి, మంచిదే. కానీ మీ బావగారు కాదనట్లేదు, మీ అక్కగారు కాదనట్లేదు. చట్టం దృష్టిలో ఆయన తండ్రి అవడానికి మీ సర్టిఫికెట్ అడ్డం కాదు. పాస్‌పోర్టుకే అడ్డం."

అంటే చట్టానికి తండ్రెవరో ఎప్పుడూ తెలుసన్నమాట. బీరువాకే తెలియలేదు. అయినా కేసు వెయ్యక తప్పదు. పాప వాది, తల్లి దాని తరఫున. జనన నమోదు అధికారి మొదటి ప్రతివాది. నేను రెండో ప్రతివాదిని. ప్లీడరు గారు వాది తరఫు మనిషి కాబట్టి నాతో ఎక్కువ మాట్లాడకూడదన్నారు. కానీ నా మీద కేసు నడపడానికి ఆవిడని ప్రతిసారీ బండి మీద కోర్టు దగ్గర దింపింది నేనే.

ఊళ్లో సంగతి పాకింది. నాకు ముప్పై నాలుగేళ్లు వచ్చినా పెళ్లి కాలేదు, అప్పుడే మామిడికుదురు నుంచి ఒక సంబంధం వచ్చి ఉంది. వాళ్లకి ఎవరో ఫోన్ చేసి, అబ్బాయి ఒక బిడ్డకి తండ్రి ఎవరో తేల్చే కేసులో ప్రతివాదండీ అని చెప్పారు. అందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. మర్నాటికి అమ్మాయికి ఇంకా చదువుకోవాలని ఉందని కబురొచ్చింది. అమ్మ కళ్లొత్తుకుంది. "నా చేత్తో నేనే నీ పెళ్లి చెడగొట్టేను" అంది. నాకు కోపం రాలేదు. అన్ని నెలల్లో కోపం రానిది ఆ ఒక్కసారే, అందుకు అమ్మే భయపడింది.

వాయిదాలు పడ్డాయి. ఒకసారి జడ్జి గారు సెలవు, ఒకసారి ఫైలు దొరకలేదు. గడువు ఆరు నెలల్లో నాలుగు నెలలు అయిపోయాయి. బావ రోజూ ఫోన్ చేసి వాయిదా ఎప్పుడని అడిగేవాడు. అక్క సర్దిన పెట్టె తెరిచి పాపకి పొట్టయిపోయిన గౌన్లు తీసి వేరేవి పెట్టేది. నేను కోర్టు గుమ్మంలో నిలబడి దేశంలో న్యాయం ఎలా ఏడుస్తోందో వినేవాళ్లకీ విననివాళ్లకీ చెప్పేవాణ్ని. తొందరగా తేలిపోవాలి, తొందరగా వీళ్లు వెళ్లిపోవాలి అని అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

చివరికి మా కేసు పిలిచారు. జడ్జి గారు నాకంటే చిన్నవాడిలా ఉన్నారు. నేను బోనెక్కాను. నా సంతకం చూపించి నాదేనా అని అడిగారు. నాదేనండీ అన్నాను. తండ్రి గడిలో మీ పేరెందుకు రాశారని అడిగితే నక్షత్రం, శాంతి, నూనె అన్నీ చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టేశారు.

"మరి శాంతి అయ్యాక ఎందుకు మార్పించలేదు?"

"మర్చిపోయేమండీ."

"ఆరేళ్లా?"

"ఆయ్."

బెంచీల మీద జనం నవ్వారు. జడ్జి గారు మొహం పక్కకి తిప్పుకుని, పాపని దగ్గరికి పిలిచారు. కేసుకి అవసరమై పిలిచారో, ఆరేళ్ల వాదిని చూడాలనిపించి పిలిచారో తెలియదు.

"మీ నాన్నగారెవరమ్మా?"

పాప ఇంటిపేరుతో సహా బావ పేరు గడగడా చెప్పింది. "ఫోన్లో ఉంటారండీ" అంది.

"మరి ఈయనో?"

"మావయ్యండీ. ఈయన ఇంట్లో ఉంటారండీ."

ఈసారి కూడా జనం నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పిల్లకి జడ వెయ్యడం నేను నేర్చుకున్నాను. జ్వరం వస్తే నా భుజం మీద తప్ప పడుకునేది కాదు. చెప్పులు ఏ సైజో అక్కని అడగకుండా కొనేవాణ్ని. ఇవేవీ ఎవరూ అడగలేదు, అడగాల్సిన పని కూడా లేదు.

జడ్జి గారు నా వైపు తిరిగారు. "ఈ పాప మీద తండ్రిగా మీకు ఏ హక్కూ లేదని ఒప్పుకుంటున్నారా?"

ఒక్క మాట అంటే అయిపోతుంది. ఆ మాట కోసమే నాలుగు నెలలుగా గుమ్మాల్లో నిలబడి అరిచాను. అది నిజం కూడా. కానీ నేను పాప జడ వంక చూస్తూ నిలబడ్డాను. ప్లీడరు గారు దగ్గారు. అక్క తలెత్తి నా వంక చూసి, వెంటనే తల దించేసుకుంది. అక్కకి అర్థమైంది. జడ్జి గారు విసుక్కోకుండా మళ్లీ అడిగారు.

"ఒప్పుకుంటున్నానండీ" అన్నాను.

తీర్పు మాకు కావలసినట్టే వచ్చింది. తండ్రి గడిలో నా పేరు కొట్టేసి బావ పేరు రాయమని మునిసిపాలిటీకి ఉత్తర్వు. బయటికి రాగానే అమ్మ మస్కట్‌కి ఫోన్ కలిపి ఆనందంగా మాట్లాడుతోంది, అక్క ఏడుస్తూ నవ్వుతోంది. ప్లీడరు గారు ఓడిపోయిన ప్రతివాదితో చెయ్యి కలిపి వెళ్లారు. పాప వచ్చి నా చొక్కా పట్టుకు లాగింది.

"మావయ్యా, మనం గెలిచేమా?"

"నువ్వు గెలిచేవమ్మా."

"మరి నువ్వో?"

"నేను ఓడిపోయేను."

అది నా చెయ్యి పట్టుకుని, "పర్లేదులే మావయ్యా, ఇంకోసారి ఆడదాం. ఈసారి నేను ఓడిపోతాను" అంది.

గడువుకి పది రోజుల ముందు వాళ్లు మస్కట్ వెళ్లిపోయారు.