డాక్టరమ్మగారి కారుకు నేను బిగించిన బోల్టులు

మా ఆయన కుడిచేతికి పిండికట్టు వేసి, మెడకు కట్టిన గుడ్డలో ఆ చేతిని పదిలంగా పెట్టి, చేతులు కడుక్కుంటూ డాక్టరమ్మగారు అడిగారు.

"మరి నా కారు సంగతేమిటి మేస్త్రీ?"

అంతకు ముందురోజు లారీ కింద జాకీ జారి ఆయన నాలుగు వేళ్లూ నలిగిపోయాయి. ఆరువారాలు చెయ్యి కదపకూడదని చెప్పింది ఆవిడే. కారు అడుగుతున్నదీ ఆవిడే.

అరవైల మొదట్లో మాట ఇది. గుడివాడలో మాకో చిన్న షెడ్డు ఉండేది. మా ఆయన బందరులో ఒక బస్సుల షెడ్డులో పని నేర్చుకుని, పెళ్లయ్యాక ఇక్కడ సొంతంగా పెట్టుకున్నారు. రైసుమిల్లుల లారీలు, పెళ్లిళ్లకు తిరిగే పాత కార్లు వచ్చేవి. డాక్టరమ్మగారి కారు మాత్రం వాటిలో కలిసేది కాదు. ఎర్రగా, నేలకు ఆనుకున్నట్టు ఉండేది. టాపు లేదు, రెండే సీట్లు. మద్రాసులో ఉద్యోగం చేసే ఆవిడ తమ్ముడు ఢిల్లీకి బదిలీ అయి వెళ్తూ అక్కగారికి ఇచ్చిపోయాడట. ఊళ్లో అందరూ రేసు కారనేవారు. నలభై దాటిన మనిషి, తెల్లచీర కట్టుకుని, తలకు రుమాలు చుట్టుకుని ఆ కారు నడుపుతుంటే గేదెలు కూడా పక్కకు తప్పుకునేవి.

ఆ కారుకు నందివాడ దారిలో, ఒక గోతిలో దిగి లేచేసరికి యాక్సిల్ షాఫ్టు విరిగింది. ఇంజను బలాన్ని వెనక చక్రానికి అందించే ఇనపకడ్డీ అది, చక్రానికి ఒకటి ఉంటుంది. అది విరిగితే ఇంజను ఎంత అరిచినా బండి అంగుళం కదలదు. ఎడ్లజతను కట్టి లాక్కొచ్చారు. మా ఆయన రెండు షాఫ్టులూ మార్చాల్సిందేనని మద్రాసుకు రాయించారు. అవి రైల్లో దిగాయి. దిగిన మూడో రోజే ఆయన చెయ్యి నలిగింది.

ఆస్పత్రి నుంచి ఇంటికి నడిచి వస్తూ నేనే అన్నాను.

"మీరు చెప్పండి, నేను చేస్తాను."

"నువ్వా?"

"చేతికేగా దెబ్బ తగిలింది. నోరు బాగానే ఉందిగా."

ఆయనకు కోపం వచ్చింది. గబగబా ముందు నడిచి ఇల్లు చేరారు. మర్నాడు పొద్దున షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుని, "ముందుగా వెనక ఇరుసు కింద దుంగలు పెట్టుకో. జాకీని నమ్మకు" అన్నారు.

చీర బిగించి కట్టుకుని, పైన ఆయన ఖాకీ చొక్కా తొడుక్కుని కారు కిందికి దూరాను. చక్రాలు తీశాను, బ్రేకు డ్రమ్ములు తీశాను. కుడివైపు షాఫ్టు లాగితే వచ్చేసింది. ఎడమవైపు సగమే వచ్చింది. విరిగిన ముక్క లోపల గొట్టంలో, చెయ్యి పట్టని లోతులో ఉండిపోయింది. ఆయన పైకి లేచి, వంగి చూసి, మళ్లీ కూర్చున్నారు. "మొత్తం విప్పాలి. అది నీవల్ల కాదు" అన్నారు.

మాది దివిసీమలో సముద్రం ఒడ్డు పల్లె. మా నాన్న వలలు అల్లేవాడు. నాకు పదేళ్లు వచ్చేసరికే ఉచ్చు వెయ్యడం, ముడి జారకుండా బిగించడం చేతికొచ్చాయి. గట్టి తీగ తీసుకుని ఉచ్చు చేసి గొట్టంలోకి పంపాను. మూడుసార్లు జారింది. నాలుగోసారి ముక్క మెడకు పట్టుకుంది. మెల్లగా లాగుతుంటే నూనెతో కలిసి బయటికొచ్చింది. మా ఆయన దాన్ని ఎడమచేత్తో తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. మెచ్చుకోలేదు. "ఊఁ, కొత్తది ఎక్కించు" అన్నారు. ఆ "ఊఁ" నాకు చాలింది.

బోల్టుల దగ్గర మాత్రం ఆయన ఊరుకోలేదు. షాఫ్టును పట్టి ఉంచేవి ఒక్కో వైపు ఎనిమిది. ఒకటి బిగించాక పక్కది కాదు, ఎదురుగా ఉన్నది బిగించాలి. ఒకేసారి గట్టిగా కాదు, మూడు విడతలుగా. బోల్టు తలల కింద పల్చని లాకు రేకులుంటాయి. ఆఖర్న వాటి చెవులు పైకి వంచి తలకు ఆనిస్తే బోల్టు తిరగదు.

"ఇప్పుడే వంచకు. లోపల వేసింది కొత్త ప్యాకింగు అట్ట. పది మైళ్లు తిరిగితే అణుగుతుంది. తిరిగొచ్చాక ఇంకో పట్టు పట్టి అప్పుడు వంచాలి. రేకు రెండుసార్లు వంచితే విరుగుతుంది."

సాయంత్రానికి డాక్టరమ్మగారు వచ్చారు. "గుడ్లవల్లేరు దాకా వెళ్లొద్దాం. నువ్వూ ఎక్కు అమ్మాయ్" అన్నారు. మా ఆయన స్పానర్లున్న గోనెసంచి నా ఒళ్లో పెట్టి, "ఇది లేకుండా బండెక్కకు" అన్నారు.

కారెక్కడం నాకదే మొదటిసారి. గాలికి ఊపిరాడలేదు, నవ్వాగలేదు. గుడ్లవల్లేరు చేరి వెనక్కి తిప్పబోతుంటే సైకిలు మీద ఒకతను అడ్డం వచ్చాడు. భార్యకు పొద్దుటినుంచి నొప్పులట, డాక్టరమ్మగారి కోసమే గుడివాడ బయల్దేరాడట. వాళ్ల ఊరికి ఇంకో అయిదు మైళ్లు లోపలికి వెళ్లాలి. ఆవిడ మరో ఆలోచన చెయ్యలేదు. సైకిలు కొట్లో పెట్టించి, అతన్ని వెనక సామాను చోట కూర్చోబెట్టుకుని కాలవగట్టు మీదికి తిప్పారు.

వంతెన దాటాక ఎడమ చక్రం దగ్గర టక్కుమంది. కాసేపటికి మళ్లీ. చెబితే పని చేతకాదంటారేమోనని భయం, అవతల మనిషి నొప్పులు పడుతుంటే బండి ఎలా ఆపమనాలన్న మొహమాటం. నోరు కట్టేసుకున్నాను. రెండు మైళ్లు పోయాక ఆవిడే బ్రేకు వేశారు.

"ఆ చప్పుడు నీకూ వినిపిస్తోందా?"

"వినిపిస్తోందండీ."

"ఎప్పట్నించి?"

"వంతెన దగ్గర్నించండీ."

"అక్కణ్నించి నోరు మూసుకు కూచున్నావా? నీకు తెలిసింది నువ్వు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. దిగి, కార్లో ఉన్న జాకీ ఎక్కించి చక్రం, డ్రమ్మూ విప్పాను. మూడు బోల్టులు వేలితో తిరుగుతున్నాయి. నూనె కారి డ్రమ్ము కిందంతా తడిసింది. డాక్టరమ్మగారు తెల్లచీర కొంగు చాపి విప్పినవన్నీ అందులో పట్టుకున్నారు. ఊడుపుల్లో ఉన్న ఆడవాళ్లు గట్టెక్కి చూస్తున్నారు. సైకిలతను చేతులు నలుపుకుంటూ, "అమ్మా, నా ఇంటిది..." అన్నాడు.

"చక్రం ఊడితే నేనూ రాలేను నాయనా. కాస్త ఆగు."

ఎదురెదురుగా, మూడు విడతలుగా ఎనిమిదీ బిగించాను. కుడివైపూ విప్పి చూశాను. అవి కొద్దిగానే వదులయ్యాయి. వాటికీ పట్టు పట్టి, రేకుల చెవులు ఉలితో లేపి, రాయితో కొట్టి ఆనించాను.

మేం వెళ్లేసరికి బిడ్డ పుట్టేసింది. మంత్రసాని బొడ్డు కోసి, స్నానం కూడా చేయించింది. ఆడపిల్ల. డాక్టరమ్మగారు తల్లిని పరీక్ష చేసి, అంతా బాగుందని చెప్పి, అరుగు మీద కూర్చుని రెండు గ్లాసుల మజ్జిగ తాగారు. "ఇంత హడావిడీ మజ్జిగ కోసమా!" అని ఆవిడ నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది.

మేం తిరిగొచ్చేసరికి మా ఆయన షెడ్డు ముందు రోడ్డు మీదే నిలబడి ఉన్నారు. పది మైళ్లన్న మనిషి ఎంతసేపు చూశారో! జరిగిందంతా చెప్పాను, నోరెత్తకుండా కూర్చున్న సంగతితో సహా. తిడతారనుకున్నాను.

"రేకులు వంచకుండా పంపింది నేను. దూరం పెరిగితే దారిలో బిగించుకోమని చెప్పలేదు. ఆ తప్పు నాది" అన్నారు. నా అరచేతులు తిప్పి బొబ్బలు చూసి, లోపలికెళ్లి కొబ్బరినూనె సీసా తెచ్చిచ్చారు.

డాక్టరమ్మగారు ఆ కారుతో మరి నాలుగేళ్లు మా చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగారు. తర్వాత ఆస్పత్రి మూసి, వేరే ఊళ్లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు. ఆ ఎర్రకారు వీధి మలుపు తిరగడం నేను షెడ్డులోంచి చూశాను. ఇప్పటికీ గట్టు మీద గాలి ముఖాన కొడితే ఆవిడ రుమాలే గుర్తొస్తుంది.

మా ఆయన పిండికట్టు విప్పాక రెండు వేళ్లు వంగలేదు. ఎన్ని నూనెలు రాసినా లాభం లేకపోయింది. స్పానరు పట్టు నిలిచేది కాదు. ఆయన దాని గురించి నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఒకరోజు మిల్లు లారీ డ్రైవరు పని తొందరగా కావాలని గొడవ చేస్తుంటే, బెంచీ చూపించి అన్నారు.

"కూచోండి. మా షెడ్డులో బోల్టులు మా ఇంటావిడ బిగిస్తుంది. వంట దించి వస్తుంది."

డ్రైవరు నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానేశాడు. నేను వంటింట్లోంచి ఆ మాట విన్నాను. అన్నం వార్చి, చేతులు తుడుచుకుని, ఖాకీ చొక్కా తొడుక్కుని బయటికొచ్చాను.