ఆరని యూనిఫాం

శంషాబాద్‌లో మేమున్న కిరాయి ఇంట్లో పక్క వాటాలో ఒక ముస్లిం జంట ఉండేది. భర్త విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించేవాడు. ఆ వానాకాలం, మెట్ల మీద అతను ఎదురైతే కంపు కొడుతోందని పైవాటా వాళ్ళు ఓనరుకు చెప్పారు. నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు ఓనరు.

"వాళ్ళ తిండి గట్లుంటది సార్. ఒంట్లకెళ్లి వాసన రాదా?" అన్నాడు నాతో.

మూఢనమ్మకాల మీద ఊరూరా మాట్లాడే నాకు అంతకంటే ఏం కావాలి? అప్పుడే పట్టిన చెమటకు దాదాపు వాసనే ఉండదని, చంకల్లోని సూక్ష్మజీవులు దాన్ని తిని కంపు పుట్టిస్తాయని, అవి ఏ మతం చంకనూ వదలవని అరగంట ఉపన్యాసమిచ్చాను. ఆయన ఓపికగా విని, "గీ సంగతి గాయనకే చెప్పున్రి" అన్నాడు.

చెప్పడానికి వెళ్ళాను కూడా. నాలుగు చెంబులు పోసుకుంటే చాలదని, చంకల్లో సబ్బు బాగా రుద్దాలని మొదలుపెట్టాను. అతను తల వంచుకుని విన్నాడు. భార్య వినలేదు.

"దినాం రెండుసార్లు తానం చేస్తడన్నా. మీరెన్నిసార్లు చేస్తరు?"

నేను చేసేది ఒకసారే. మాట మార్చాను.

"మరి వాసన ఎక్కడిది?" అన్నాను.

ఆమె లోపలి గది చూపించింది. కిటికీ లేదు. తాడు మీద యూనిఫాం వేలాడుతోంది. కాంట్రాక్టరు ఇచ్చింది ఒక్క జతే.

"రోజు ఉతుకుత. తెల్లారేదాక ఆరది. పచ్చిదే తొడుక్కొని పోతడు. డాబా మీద రేకుల కింద ఏద్దామంటే తాళం. మేమెక్కితే ట్యాంకు నీళ్ళు ఖరాబైతయంట!"

తడి వదలని బట్టలో ఆ సూక్ష్మజీవులే హాయిగా కాపురముంటాయి. ఇన్ని చదివిన నేను బట్టను చూడకుండా మనిషిని తోమబోయాను. ఓనరు అతని తిండిని అనుమానించాడు, నేను స్నానాన్ని. మా ఇద్దరికీ తేడా అంతే.

"డాబా తాళం తీయండి. ఒక్క నెల ఆగి చూడండి. కాదంటే వాళ్ళతోపాటు నేనూ ఖాళీ చేస్తాను" అన్నాను ఓనరుతో. రెండు వాటాలు ఒకేసారి ఖాళీ అవుతాయనేసరికి ఆయనకు ట్యాంకు మీద బెంగ తగ్గింది.

రెండు వారాలకు కంపు పోయింది. ఖాళీ మాటా పోయింది. ఓనరు మెట్ల మీద నన్ను ఆపాడు.

"చూసిన్రా సార్? శుక్రారం శుక్రారం సాంబ్రాణి పొగ ఏయిస్తున్న. గందుకే పోయింది!"

జీవితమంతా ఇలాంటి మాటల మీదే యుద్ధం చేసినవాణ్ణి. నోరు తెరిచాను. వాదనలో ఆయన ఓడిపోతే, ఆ పంతానికి డాబాకు మళ్ళీ తాళం వేస్తాడు.

"ఆపకండి, బాగా పనిచేస్తోంది" అన్నాను.